గేర్‌బాక్స్ దించే ముందు

చిన్నా,

ఆశీస్సులు. "గేర్ రాడ్డు సాంబారు గిన్నెలో గరిటెలా తిరుగుతోంది మావయ్యా" అని ఫోన్లో అన్నావే, ఆ మాటతోనే సగం రోగం తెలిసిపోయింది. ఎవరో గేర్‌బాక్స్ దించాలన్నారట. కాస్త ఆగు.

మీ నాన్న కొన్న ఆ మారుతి 800లో నీ చేతిలో ఉండే లివర్‌కీ ముందున్న గేర్‌బాక్స్‌కీ మధ్య, బండి కింద ఒక పొడవాటి రాడ్డు ఉంటుంది. అది గేర్‌బాక్స్‌ని కలిసే చోట బోల్టు చుట్టూ చిన్న బుష్‌లు, అంటే రబ్బరు లేదా నైలాన్ గొట్టం ముక్కలు ఉంటాయి. ఏళ్ల తరబడి బురద, వేడి తగిలి అవి అరిగిపోతాయి. అప్పుడు నువ్వు ఒకటో గేరు అనుకుని లివర్ కదిపితే, రాడ్డు కదిలినా గేర్‌బాక్స్ వైపు షాఫ్టు, అంటే లోపలి గేర్లను మార్చే కడ్డీ, సగం దూరమే కదులుతుంది.

ముందు ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి, గేర్లన్నీ వేసి చూడు. ఏదైనా పడకపోతే పళ్లు ఎదురెదురుగా నిలిచాయేమో, బండిని బెత్తెడు తోసి మళ్లీ వెయ్యి. ఆపినప్పుడు సాఫీగా పడి, స్టార్ట్ చేశాక గరగరమంటే అది క్లచ్ గొడవ. కేబుల్ సర్దితే పోవచ్చు. ఒక్క గేరే, అదీ బండి నడుస్తున్నప్పుడే అరిస్తే గేర్‌బాక్స్ లోపల గేర్ల వేగాలు కలిపే సింక్రో రింగు అరిగి ఉంటుంది, దానికి బుష్ మందు కాదు. ఆపినప్పుడు కూడా గేరు కోసం వెతుక్కోవాల్సి వస్తేనే నేను చెప్పేది నీకు పనికొస్తుంది.

ఈ పరీక్ష చెయ్యకుండా నేనొకసారి పరువు పోగొట్టుకున్నాను. ఆటోనగర్‌లో పని చేసే కొత్తలో ఒక బండికి గేర్‌బాక్స్ దించి, రెండు రోజులు కుస్తీ పట్టి ఎక్కించాను. లివర్ మళ్లీ అలాగే ఊగింది. చివరికి చూస్తే గోరంత బుష్! ఆయన దగ్గర లేబర్ డబ్బులు ఎలా అడగాలో తెలియలేదు.

ఇక పని. సైలెన్సర్ పైపు చల్లారాక మొదలుపెట్టు. చదును నేల మీద, చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి లేపు. గేరు న్యూట్రల్‌లో ఉంటుంది కాబట్టి ఆ రాళ్లే నీకు దిక్కు. ఒక్క జాకీని నమ్ముకుని కిందకు దూరావంటే నీతో మాట్లాడను, స్టాండ్లు పెట్టు. మీ అమ్మను లివర్ ఊపమని చెప్పి, జాయింటు మీద వేలు పెట్టి చూడు. రాడ్డు కదిలినా గేర్‌బాక్స్ వైపు షాఫ్టు ఆలస్యంగా కదిలితే దొంగ దొరికినట్టే.

బోల్టు తుప్పు పట్టి ఉంటుంది, ముందు రాత్రే నూనె కొట్టి ఉంచు. విప్పే ముందు వాషర్ల వరస ఫోటో తీసుకో. పాత బుష్ తీశాక రంధ్రం ఎమరీ కాగితంతో శుభ్రం చెయ్యి. బోల్టు నడుము సన్నబడిందా చూడు. సన్నబడితే బోల్టు, లోపలి స్టీలు స్లీవ్ కూడా మార్చాలి, లేదంటే కొత్త బుష్ నాలుగు నెలలు ఉండదు. రంధ్రమే కోడిగుడ్డులా సాగిపోయి ఉంటే ఆ రాడ్డే మార్చాలి.

కొత్త బుష్‌ని సుత్తితో కొట్టకు. నైలాన్‌దైతే రెండు నిమిషాలు వేడినీళ్లలో వేసి, పొడవు బోల్టు, వాషర్లు పెట్టి నట్టు బిగిస్తూ లోపలికి లాగు. లోపల పలచగా గ్రీజు చాలు. రబ్బరుదైతే గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. సబ్బు నీళ్లు రాసి ఎక్కించు. లాక్‌నట్టు కొత్తది వెయ్యి. దుమ్ముకు అడ్డంగా ఉండే రబ్బరు తొడుగు చిరిగితే అదీ మార్చు, చాలామంది అక్కడే పీనాసితనం చేస్తారు.

2014లో ఆ కారు తయారీ ఆపేశారని బెంగపడకు, ఇక్కడ సామాను దొరుకుతుంది. అయ్యాక ఇంజిన్ ఆపే ఉంచి నాలుగు గేర్లూ, రివర్సూ రెండేసిసార్లు వేసి చూసి, ఆ తర్వాతే రోడ్డెక్కు. తీసిన పాత బుష్‌ని పారెయ్యకు. ఆదివారం వచ్చేటప్పుడు జేబులో వేసుకుని రా, ఎటువైపు అరిగిందో చూద్దాం.

మీ మావయ్య