బైపీసీ చదివి ఫార్మకో ఎపిడెమియాలజీలోకి రావచ్చా? నా అనుభవం

ఫార్మ్ డీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను, పదో తరగతితోనే లెక్కలు వదిలేశాను, ఈ లైన్లో నెగ్గుకురాగలనా అని మీలో ఒకరు అడిగారు. నేనూ బైపీసీ బాపతే. తొమ్మిదేళ్లుగా హైదరాబాద్‌లో ఇదే పని చేస్తున్నా, మా అమ్మ మాత్రం ఇప్పటికీ మెడికల్ షాపా అనే అడుగుతుంది.

ఫార్మకో ఎపిడెమియాలజీ అంటే ఒక మందు జనంలో ఎంత మేలు చేస్తోందో, ఎంత హాని చేస్తోందో పెద్ద పెద్ద రికార్డులతో లెక్కగట్టడం. ముందు ఇది మందుల సైడ్ ఎఫెక్టులు నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కాదని తెలుసుకోండి. అక్కడ సైడ్ ఎఫెక్ట్ రిపోర్టులు ఒక్కొక్కటిగా వస్తాయి, ఆ మందు మొత్తం ఎంతమంది వాడారన్నది వాటిలో ఉండదు. ఇక్కడ వాడినవాళ్లనీ వాడనివాళ్లనీ పక్కపక్కన పెట్టి చూస్తాం. 2004లో మార్కెట్ నుంచి తీసేసిన నొప్పుల మాత్ర వయాక్స్ విషయంలో, కాలిఫోర్నియాలో కైజర్ అనే ఆరోగ్య బీమా, వైద్య సంస్థ సభ్యులు దాదాపు 14 లక్షల మంది రికార్డులతో గుండె ప్రమాదాన్ని లెక్కగట్టింది ఇలాగే. మన దగ్గర అంత రికార్డు ఒకచోట దొరకడం కష్టం, అందుకే కూర్చునేది హైటెక్ సిటీలో అయినా మేం చూసేది ఎక్కువగా అమెరికా ఇన్సూరెన్స్ క్లెయిములే.

ఇక లెక్కల భయం. నేను చేరిన రెండో ఏడు, గుండెపోటు వచ్చి ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లినవాళ్లలో ఒక మందు వాడినవాళ్లకి చావులు సగానికి సగం తక్కువ అని తేల్చాను. పీ వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం కాకతాళీయంగా వచ్చే అవకాశం) 0.001 కంటే తక్కువ, కోడ్‌లో ఒక్క ఎర్రర్ లేదు, గాల్లో తేలుతూ ఆఫీసులో మా మేడం దగ్గరికి వెళ్లా. ఆవిడ ఒక పేషెంట్ వరుస మీద వేలు పెట్టి, "ఇతను మందు మొదలుపెట్టింది 80వ రోజున కదా, డిశ్చార్జి రోజు నుంచే వాడినట్టు ఎందుకు లెక్కేశావ్?" అన్నారు. 80వ రోజు దాకా బతికుంటేనే కదా మందు కొనేది! ఈలోపు పోయినవాళ్లంతా నా పట్టికలో "వాడనివాళ్ల" ఖాతాలో పడ్డారు. దీన్నే ఇమ్మోర్టల్ టైమ్ బయాస్ అంటారు. సరిచేస్తే తేడా దాదాపు మాయమైంది, మూడు వారాల పని గంగలో కలిసింది. అందులో నాకు రాని లెక్కేమైనా ఉందా చెప్పండి? ఏ మందు ఎవరికి, ఎప్పుడు, ఎందుకు రాస్తారో ఆలోచించాలి, అది ఫార్మ్ డీ వార్డు రౌండ్లలో మీరు రోజూ చూసేదే.

అలాగని లెక్కలు అసలే అక్కర్లేదనను. లాగరిథమ్‌లు, ప్రాబబిలిటీ, రిగ్రెషన్ కూర్చుని నేర్చుకోవాల్సిందే, నాకు ఏడాది పైనే పట్టింది. అచ్చంగా స్టాటిస్టీషియన్ కావాలంటే మాత్రం మన దారి ఇరుకు, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ సీటుకి చాలాచోట్ల డిగ్రీలో మ్యాథ్స్ అడుగుతారు. ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) లేదా ఎపిడెమియాలజీ మాస్టర్స్ అయితే మీకు తలుపు తెరిచే ఉంటుంది.

కోచింగ్ సెంటర్లకి వేలకు వేలు పోసి ఎస్ఏఎస్ అనే డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం తర్వాత చూసుకోవచ్చు. అలాంటి పనికే వాడే ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, అమెరికా ప్రభుత్వం చేసే ఎన్‌హేన్స్ అనే ఆరోగ్య సర్వే డేటా కూడా ఉచితమే, గత 30 రోజుల్లో ఎవరు ఏ మందు వాడారో అందులో ఉంటుంది. ముందు బీపీ మాత్రలు వాడేవాళ్లనీ వాడనివాళ్లనీ పోల్చండి. వాడేవాళ్లకే బీపీ ఎక్కువగా కనబడితే కంగారు పడకండి, ఎందుకలా వచ్చిందో ఒక పేజీ రాసి రెజ్యూమెకి జతచేయండి, మా టీంలోకి ఇంటర్వ్యూ చేసేటప్పుడు నేను మొదట చదివేది ఆ పేజీనే.