వంశవృక్షం: విన్నదెంత, ఉన్నదెంత

ప్రశ్న: మా పూర్వీకులకు శ్రీకృష్ణదేవరాయలు అగ్రహారం ఇచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. ఇది తేల్చుకోవడం ఎలా? – ఒంగోలు పాఠకుడు

జవాబు: అగ్రహారం ఉండడం ఒకటి, ఇచ్చింది రాయలవారే కావడం మరొకటి. రెంటినీ విడివిడిగా చూడండి.

మొదటిది కాగితం మీద దొరుకుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఊరూరా ఇనాములను (దానంగా ఇచ్చిన మాన్యాలను) విచారించి ఫెయిర్ రిజిస్టర్లు రాయించింది. ఇనాం విస్తీర్ణం, దేనికిచ్చారు, ఎవరిచ్చారు, మొదట పుచ్చుకున్నది ఎవరు, అప్పటి అనుభవదారు పేరు, వయసు, మొదటివాడికి ఏమవుతాడు అన్నవన్నీ అందులో ఉంటాయి. ఊరు, పాత తాలూకా పేర్లు, తెలిస్తే టైటిల్ డీడ్ (ఇనాం హక్కు పత్రం) నంబరు రాసి నకలు కోసం దరఖాస్తు చేయండి. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలోనిది, ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో. అందుకని నెల్లూరు రిజిస్టర్లలో వెతికించాలి. చాలామంది వట్టి చేతులతో తిరిగొచ్చేది ఇక్కడే.

'ఎవరిచ్చారు' అన్న గడిలో రాయలవారి పేరు కనబడినా అప్పుడే పండగ చేసుకోకండి. యాభై ఏళ్లుగా అనుభవంలో ఉన్న ఇనామైతే కమిషన్ దాన్ని ఖాయం చేసేది. మూల శాసనం లేనిచోట, అనుభవదారు నోటిమాటే ఆ గడిలోకి ఎక్కి ఉండొచ్చు. అంటే 1860 నాటికి కూడా మీ ఇంట్లో ఈ మాట ఉందని రుజువవుతుంది, అంతవరకే.

దానం చెక్కిన రాగిరేకు ఉంటే, దాని మీది శక సంవత్సరానికి 78 కలపండి, ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. రాయలు ఏలింది 1509 నుంచి 1529 వరకు, అంటే శక 1431–1451. తిథి, వారం ఆ ఏటి పంచాంగంతో పొసగకపోతే అనుమానించాల్సిందే. దొంగ రేకులు ఈనాటివి కావు!

చివరగా, మీ దగ్గరున్న పేర్లు లెక్కపెట్టండి. తరానికి పాతిక ముప్ఫై ఏళ్లనుకున్నా రాయల కాలానికి 17–20 తరాలు వెనక్కి వెళ్లాలి. ఏడో పేరుకే రాయలవారి కొలువు చేరుకుంటే మధ్యలో పది పన్నెండు తరాలు ఎగిరిపోయినట్టే.

ప్రశ్న: మా ముత్తాత ధాత సంవత్సరంలో పుట్టి 1934లో పోయారు. 118 ఏళ్లు బతికారంటారు. మా తాతయ్య పుట్టింది 1908లో. – గుంటూరు పాఠకురాలు

జవాబు: తెలుగు సంవత్సరాల పేర్లు అరవయ్యేళ్లకోసారి తిరిగి వస్తాయి. ధాత 1816–17లోనూ వచ్చింది, 1876–77లోనూ వచ్చింది. మీవాళ్లు మొదటిది పట్టుకున్నారు. ఆ లెక్కన తాతయ్య పుట్టేనాటికి ముత్తాతగారికి 92 ఏళ్లు! రెండోదైతే 32. ఆయన 58 ఏళ్లకు పోయి ఉంటారు. ఆ ధాత కరువు వచ్చిన సంవత్సరం. 'కరువులో పుట్టాడు' అనే మాట మీ ఇంట్లో ఉందేమో పెద్దవాళ్లను అడగండి. 118 అని చెప్పేవారి ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంటుంది. తాత పేరు మనవడికి పెట్టడం వల్ల ఇద్దరి జీవితాలూ ఒకరికే అతుక్కుపోతాయి. తండ్రి పేరు, భార్య పేరు పక్కనే రాస్తే విడిపోతారు.

ప్రశ్న: ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం. ఒకే వంశమని రాసుకోవచ్చా? – నిజామాబాద్ పాఠకుడు

జవాబు: రాసుకోకండి. ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలు వేర్వేరు కులాల్లోనూ ఉంటాయి. గోత్రం ఋషి పేరు, దాని కింద వేల కుటుంబాలు. పైగా దత్తత వెళ్లినవాడి ఇంటిపేరు మారుతుంది, ఇల్లరికంలోనూ కొన్నిచోట్ల అంతే. పాత పంపకాల దస్తావేజు దొరికితే అన్నదమ్ములందరూ తండ్రి పేరుతో సహా వరసగా కనబడతారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి వివరాలతో ఉంటుంది. మీరడగాల్సింది ఒకటోది. భూమి ఉన్న కుటుంబమైతే 1954–55 ఖాస్రా పహాణీ (తెలంగాణ పాత భూమి రికార్డు) కూడా తీయించండి.