నోరు విప్పితే ఉద్యోగానికి ఎసరా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తోంది. ప్రాజెక్టులో లోపం ఉందని మీటింగులో చెబితే టీమ్ లీడ్ అందరి ముందూ కసిరాడట. అప్పటి నుంచి ఆఫీసులో నోరు విప్పడం లేదు, మానేస్తానంటోంది. బాసులే ఉండరని చెప్పుకునే స్టార్టప్ ఒకటి, విజయవాడలో పాత కంపెనీ ఒకటి రమ్మంటున్నాయి. తల వంచుకుని పని చేసుకోమన్నాను. ఏది మంచిది?

జవాబు: మీరు అడిగింది కంపెనీల గురించే అయినా, అసలు బెంగ అమ్మాయి గురించి. మాట పడలేదేమో, ఎక్కడా నిలదొక్కుకోలేదేమో అని. ఆ బెంగ వదిలేయండి. లోపం కనబడితే చెప్పడమే టెస్టింగ్. జీతం ఇచ్చేది అందుకే. ఆ రోజు కసురు తిన్నది ఆమె ఒక్కతే అయినా, నోరు కట్టుకున్నది ఆ గదిలోని అందరూ.

ఇప్పుడు హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో ఆచార్యురాలైన ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందులు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించారు. బాగా నడిచే వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి! తరచి చూస్తే, అక్కడ నర్సులపై అధికారి విరుచుకుపడరు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతున్నారు. మిగతా చోట్ల దాచుకుంటున్నారు.

స్టార్టప్ మోజు మీద నాకు అనుమానాలున్నాయి. పేరు పెట్టి పిలుచుకోవడం, శుక్రవారం పిజ్జాలు చూసి చేరి, ఆరు నెలలకే మొహం వేలాడేసుకుని వచ్చే పిల్లలు నాకు కొత్త కాదు. అక్కడ తయారుచేసే యాప్ యజమానికి కన్నబిడ్డ. వంక పెడితే ఊరుకుంటాడా? కసరడు, నిజమే. ‘మన కల మీద నీకు నమ్మకం లేదా?’ అని నొచ్చుకుంటాడు. కసురుకు ఎదురు చెప్పవచ్చు, నొచ్చుకునే మనిషికి ఏం చెబుతాం? పైగా చేతిలో డబ్బు అడుగంటుతుంటే చెడువార్త వినే ఓపిక ఎవరికుంటుంది? పాత కంపెనీలో ‘సార్, మేడమ్’ తప్పవు. అంతమాత్రాన మాట చెల్లదని కాదు.

ఇక్కడ మాట చెల్లుతుందా అని మేనేజర్‌ను అడిగితే ‘నా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది’ అంటాడు. అలా అనని మేనేజర్‌ను నేనింకా చూడలేదు. అందుకే ఆ టీములో పనిచేసేవాళ్లను అడగమనండి: చివరిసారి ఎవరి అభ్యంతరం మీద సాఫ్ట్‌వేర్ విడుదల వాయిదా పడింది? ఆ మనిషి ఇప్పుడెక్కడ ఉన్నాడు? తడుముకోకుండా చెబితే చేరవచ్చు. నీళ్లు నమిలితే, అది ఏ కంపెనీ అయినా, వద్దు.

ఇక మీ సంగతి. ఇంటర్ హాస్టల్లో లెక్చరర్‌కు ఎదురు చెప్పకు, ఇంట్లో పెద్దవాళ్ల మధ్య మాట్లాడకు అంటూ ఇన్నేళ్లూ పిల్లల నోరు నొక్కింది మనమే. అంత నొక్కినా ఆ అమ్మాయి నలుగురిలో నిజం చెప్పింది. నాకైతే ముచ్చటేసింది. లీడ్ కసిరాడని మీకు చెప్పుకుంటే మీరూ తల వంచమన్నారు. ఇక ఎవరికి చెప్పుకోవాలి? ఈ రోజే ఫోను చేసి, నువ్వు చేసింది తప్పు కాదని చెప్పండి. రాజీనామా మాత్రం కొత్త ఆఫర్ లెటర్ చేతికి వచ్చాకే.