ఆడినంతసేపు బాగుంటుంది, మూస్తేనే పేచీ

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఆదివారాలు ల్యాప్‌టాప్‌లో కార్ల పందెం ఆట ఆడుకుంటాడు. ఆడుతున్నప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. మూయగానే ఒక చిన్న పెట్టె వస్తుంది. ఏదో పొడవైన సంఖ్య చూపించి, అక్కడి మెమరీని చదవడం కుదరలేదని ఇంగ్లీషులో చెబుతుంది. ఓకే నొక్కితే పోతుంది. దసరాకు వాడికి హెడ్‌ఫోన్ కొనిచ్చాం, ఇంచుమించు అప్పటి నుంచే ఇది మొదలైనట్టు గుర్తు. రెండుసార్లు వాడు గెలుచుకున్న కారు మర్నాడు చూస్తే లేదు. దగ్గర్లోని దుకాణంలో చూపిస్తే వైరస్ అయి ఉంటుంది, విండోస్ మొత్తం మళ్లీ వేయాలి, 1500 రూపాయలు అవుతుంది అన్నారు. వేయించమంటారా?
— ఒక గృహిణి, తణుకు

జవాబు: ఇప్పుడే వేయించకండమ్మా. ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం ఉంది. కాకినాడలో నేను దుకాణం పెట్టిన కొత్తలో ఒక డిగ్రీ విద్యార్థి సరిగ్గా ఇదే ఫిర్యాదుతో కంప్యూటర్ తెచ్చాడు. నేను ఏదీ పరిశీలించకుండా విండోస్ మళ్లీ వేసి ఇచ్చాను. రెండు రోజులు బాగుంది. మూడో రోజు అతను స్పీకర్లతో వచ్చిన సాఫ్ట్‌వేర్ తిరిగి వేసుకున్నాడు, ఆ పెట్టె తిరిగి వచ్చింది. అప్పటికే అతను ఏడాదిగా ఆడుతున్న క్రికెట్ లీగ్ మొత్తం సి డ్రైవుతో పాటు తుడిచిపెట్టుకుపోయింది. అది అక్కడ ఉంటుందని అతనికి తెలియదు, నేను అడగలేదు. డబ్బు తిరిగి ఇచ్చాను కానీ ఆ లీగ్‌ను తెచ్చి ఇవ్వలేకపోయాను.

అందుకే మొదటి పని, ఆట దాచుకున్న ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. చాలా ఆటలు వాటిని డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్ అనే ఫోల్డర్‌లోనో, యాప్‌డేటా అనే దాగి ఉండే ఫోల్డర్‌లోనో పెడతాయి. మీ అబ్బాయిని అడిగితే చిటికెలో వెతికి పెడతాడు.

ఇక ఆ పెట్టె సంగతి. పెళ్లి అయిపోయాక పందిరి విప్పడం మీరు చూసే ఉంటారు. భోజనాలు ముగిశాక బల్లలు తీస్తారు, తర్వాత దీపాల తీగలు, చివరికి గుంజలు. వరుస తప్పి, మైకువాళ్లు ఇంకా సామాను సర్దుకుంటుండగానే ఎవరో గుంజ లాగేస్తే? ఆటలో కూడా బొమ్మ గీసేది, ధ్వని వినిపించేది, ఫైళ్లు రాసేది వేర్వేరు భాగాలు, అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి. మూసేటప్పుడు ఒక్కొక్కటిగా పని ఆపి, తాము వాడుకున్న మెమరీని అప్పగించాలి. ధ్వని భాగం ఇంకా నడుస్తుండగానే దాని మెమరీ ఖాళీ అయిపోతే, అది ఇక తనది కాని చోట చెయ్యి పెట్టినట్టు అవుతుంది. విండోస్ వెంటనే ఆ ప్రోగ్రాంను ఆపేస్తుంది. మీరు చూసే పెట్టె అదే. ఆడుతున్నంతసేపు పందిరి నిలబడే ఉంటుంది కాబట్టి అప్పుడు ఏమీ రాదు. వైరస్ అనడానికి ఇందులో ఆధారమేమీ లేదు. ర్యామ్ (ఆ మెమరీ ఉండే చిప్పు) పాడైతే ఆట మధ్యలో కూడా ఆగిపోతుంది, మిగతా పనుల్లోనూ తంటాలు వస్తాయి. మీకు అలా లేదు.

అయితే ఎలాగూ ఆట అయిపోయింది కదా అని దీన్ని వదిలేయకూడదు. కొన్ని ఆటలు గెలిచిన వాటిని, మార్చుకున్న అమరికలను చివర్లో, మూసేటప్పుడే రాస్తాయి. ఆ రాత మధ్యలో తెగితే కారు పోతుంది. మీ వాడి విషయంలో జరిగింది అదే కావచ్చు. కారణం దొరికేలోపు, అతను ముందు ఆట మొదటి పేజీకి వచ్చి, సేవ్ అవుతున్నట్టు తిరిగే గుర్తు ఆగాక బయటికి రావాలి. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కి మూసే అలవాటు ఉంటే మానమనండి.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది హెడ్‌ఫోన్ దగ్గర. ఇలాంటి హెడ్‌ఫోన్ల వెంట తరచూ ఒక సాఫ్ట్‌వేర్ వస్తుంది, అందులో కొన్ని నేరుగా ఆటలోకే చొరబడి కూర్చుంటాయి. ఆట మీద చిన్న తెరలా తేలుతూ ఫ్రేముల లెక్క (సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో) చూపించేవి, ఆటను రికార్డు చేసేవి కూడా అంతే. ఆట వెళ్లిపోతున్నా ఒక్కోసారి ఇవి పట్టు వదలవు. మీ ఇంట్లో దోషి హెడ్‌ఫోనే అని నేను తీర్పు చెప్పడం లేదు. ముందు తేదీలు చూద్దాం. స్టార్ట్ నొక్కి రిలయబిలిటీ అని టైప్ చేస్తే ఒక పట్టిక తెరుచుకుంటుంది. ఏ రోజు ఏ ప్రోగ్రాం కూలింది, ఆ రోజుల్లో కొత్తగా ఏం వేశారు అన్నది అందులో రోజువారీగా ఉంటుంది. అది ఎంతవరకు వెనక్కి చూపిస్తే అంతవరకు చూడండి. ఇంత మంచి పరికరం విండోస్‌లో ముందే ఉండగా రిపేరు చేసేవాళ్లు దాన్ని తెరవకపోవడం నాకు బాధగా ఉంటుంది.

తర్వాత విండోస్ చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ అన్న చోట, ఆట మూసిన సమయానికి ఎర్ర గుర్తుతో ఉన్న 1000 నంబరు నమోదు చూడండి. అందులో ఎక్సెప్షన్ కోడ్ అన్న చోట సి అక్షరం తర్వాత ఆరు సున్నాలు, చివర 5 ఉంటే నేను పైన చెప్పిన మెమరీ తగాదాయే. అసలు విలువైనది ఫాల్టింగ్ మాడ్యూల్ అన్న వరుస, అంటే ఏ ఫైలు దగ్గర ప్రోగ్రాం కూలిందో చెప్పేది. అక్కడి పేరు ఎన్‌వి అనో, ఎటిఐ అనో, ఐజిడి అనో మొదలైతే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను (తెర మీద బొమ్మ గీయించే సాఫ్ట్‌వేర్‌ను) అనుమానించి, ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి కొత్తది వేయాలి. ఎన్‌టిడిఎల్‌ఎల్ అని ఉంటే మాత్రం విండోస్ పాడైందని కంగారు పడకండి. అది విండోస్ సొంత ఫైలే అయినా, తరచూ మరొకరు చేసిన తప్పు అక్కడికి వచ్చి బయటపడుతుంది. చాలామంది విండోస్ మళ్లీ వేసేది ఈ పేరు చూసే.

ఇప్పుడు పరీక్ష. హెడ్‌ఫోన్ తీసేయండి, గడియారం పక్కన ఉన్న దాని గుర్తు మీద కుడి బటన్ నొక్కి సాఫ్ట్‌వేర్ ఆపేయండి, ఆట తెరిచి ఒక పందెం ఆడి మూయండి. అయిదుసార్లు ఇలా చేయాలి, ఒక్కసారి రాలేదని నమ్మవద్దు. పెట్టె రాకపోతే ఆ సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వేయండి, లేదా తీసేయండి. అది లేకపోయినా హెడ్‌ఫోన్‌లో మామూలు ధ్వని సాధారణంగా వస్తుంది. పెట్టె వస్తూనే ఉంటే తేలే తెరలు ఆపి చూడండి, ఆ తర్వాత డ్రైవర్. ఒకసారికి ఒకటే మార్చాలి. స్టీమ్ అనే ఆటల ఆన్‌లైన్ దుకాణంలో కొన్న ఆటైతే దాని ప్రాపర్టీస్‌లో ఫైళ్లను సరిచూసే బటన్ ఉంటుంది. ఆట మొత్తం మళ్లీ దింపుకోకుండా చెడిపోయిన ఫైళ్లనే అది తెచ్చుకుంటుంది.

ఇన్ని చేసినా పోకపోతే, మాడ్యూల్ వరుసలో ఆట పేరే కనిపిస్తుంటే, లోపం ఆటలోనే ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని తయారుచేసినవాళ్లే సరిదిద్దాలి. 1500 రూపాయలు మీ దగ్గరే ఉంచుకుని, ఆ వరుసలో ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసి నాకు పంపండి.

ప్రశ్న: ఆట మూస్తే తెర నల్లగా ఉండిపోతోంది. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేస్తున్నాను. పరవాలేదా?
— ఒక విద్యార్థి, నల్గొండ

జవాబు: అది ఆఖరి మార్గం బాబూ, ఏదైనా ఫైలు రాస్తుండగా కరెంటు తీస్తే అది పాడవ్వచ్చు. ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కు. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలై తెర తిరిగి రావచ్చు. రాకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో ఆటను ముగించు. ప్రతిసారీ ఇదే జరుగుతుంటే పైన తణుకు అమ్మగారికి చెప్పిన వరుసలోనే వెళ్లు, కాకపోతే నువ్వు డ్రైవర్‌తో మొదలుపెట్టు.