కరపత్రం కింద ఎవరి పేరు? (వాక్ స్వాతంత్ర్యానికి హద్దులు ఉండాలా అన్న ప్రశ్నకు నా జవాబు)

"ఎవరు ఏదైనా మాట్లాడొచ్చా, లేక వాక్ స్వాతంత్ర్యానికి హద్దులు ఉండాలా? మీ అనుభవం చెప్పండి" అని అడిగారు.

హద్దులు ఉండాలనే అంటాను. అయితే మాట బయటికి వచ్చాక, దానివల్ల ఎవరికైనా కీడు జరిగితే జవాబు చెప్పించే హద్దు కావాలి. మాట రాకముందే నోరు నొక్కే హద్దు వద్దు. ఈ రెండూ నా జీవితంలో కొన్ని నెలల తేడాలోనే ఎదురయ్యాయి, అందుకే రాస్తున్నాను.

మాది విశాఖపట్నంలో గోపాలపట్నం. ఇరవై ఏళ్లుగా చిన్న ప్రింటింగ్ షాపు నడుపుతున్నాను. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు వేస్తాం. అంతకుముందు మా నాన్న ఒక ప్రెస్సులో కంపోజిటరు. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చిన మనిషి. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" ఉద్యమం రోజుల గురించి చాలాసార్లు చెప్పేవాడు. 1966 నవంబరులో ఇదే ఊళ్ళో పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ రోజు ఆ నినాదం శాంతిభద్రతల సమస్య. ఈ రోజు అదే నినాదం మన ఊరి గర్వం. హద్దుల గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

ఇక నా సంగతి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకయింది. పన్నెండు మంది చనిపోయారు. నిద్రలోంచి లేచి పరిగెత్తినవాళ్ళు రోడ్ల మీదే పడిపోయారు. మా ఇల్లు అక్కడికి మరీ దూరం కాదు. ఆ పగలంతా ఎలా గడిచిందో ఇక్కడ రాయను. నేను చెప్పాల్సింది ఆ రాత్రి గురించి.

పడుకుందామనుకుంటుండగా మా బావమరిది నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఎవరిదో మగ గొంతు, ఆయాసపడుతూ మాట్లాడుతోంది. "ఇంకో ట్యాంకు పేలబోతోంది, గంటలో అందరూ ఖాళీ చెయ్యండి, మీకు తెలిసినవాళ్ళందరికీ పంపండి." నేను దాన్ని పూర్తిగా వినను కూడా వినలేదు. మా కాలనీ గ్రూపులో పెట్టేశాను. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. పది నిమిషాల్లో వీధి వీధంతా బయటికొచ్చింది. తడి తువ్వాళ్ళు ముక్కుకి చుట్టుకుని, పిల్లల్ని బండి మీద ముందు నిలబెట్టుకుని, తలుపులకు తాళాలు కూడా వెయ్యకుండా పోతున్నారు.

ఎదురింట్లో రిటైర్డ్ మాస్టారు ఉంటారు. డెబ్భై ఏళ్లకు దగ్గర. ఆయన ఎప్పుడూ రాత్రిపూట స్కూటరు నడపరు. ఆ రాత్రి నడిపారు, వెనకాల భార్యని కూర్చోబెట్టుకుని. ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర అప్పుడు ఫ్లైఓవర్ పనులు జరుగుతున్నాయి. కంకర మీద బండి జారింది. ఆవిడ తుంటి ఎముక విరిగింది. లాక్‌డౌన్ రోజులు, కరోనా భయం. ఆసుపత్రిలో ఆవిడ్ని చేర్చుకోవడానికే చాలాసేపు పట్టింది. ఆపరేషన్ అయ్యాక కూడా కర్ర లేకుండా నడవలేకపోయారు.

నెల తరవాత మాస్టారు మా షాపుకి వచ్చారు. కోపంగా ఏమీ లేరు. ఫోన్ తీసి గ్రూపులో పైకి జరుపుకుంటూ వెళ్ళి, ఒకచోట ఆపి నాకు చూపించారు. నా పేరు, దాని కింద ఆ ఆడియో, పక్కన టైము. "మీరు పెట్టారంటే నిజమే అనుకున్నానండీ" అన్నారు. అంతే. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. ఆ గొంతు ఎవరిదో ఎవరికీ తెలియదు. కానీ మాస్టారు నమ్మింది ఆ గొంతును కాదు, నా పేరుని.

విపత్తు సమయంలో అబద్ధపు హెచ్చరిక పుట్టించినా, వ్యాప్తి చేసినా, దానివల్ల జనం భయపడి పరుగులు తీస్తే ఏడాది వరకు జైలు లేదా జరిమానా అని 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ చెబుతోంది. నా మీద ఎవరూ కేసు పెట్టలేదు. పెట్టి ఉంటే మాత్రం నా వాక్ స్వాతంత్ర్యం పోయిందని గొడవ చెయ్యడానికి నాకు మొహం చెల్లేది కాదు. అందుకే హద్దులే వద్దు అనేవాళ్ళతో నేను కలవలేను. మాటకి ఎముకలు విరగ్గొట్టే బలం ఉందని కళ్ళారా చూశాను.

కానీ కథ అక్కడితో అయిపోతే బాగుండేది.

మేమంతా ఆ పుకారుని అంత తేలిగ్గా ఎందుకు నమ్మామో ఆలోచించండి. ఆ తెల్లవారుజామున ఫ్యాక్టరీ సైరన్ మోగలేదు. తరవాత ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికలో కూడా ఆ సంగతి వచ్చింది. చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు కాబట్టే పొద్దున అంతమంది నిద్రలో చిక్కుకుపోయారు. అలాంటప్పుడు రాత్రి ఎవడో ముక్కూమొహం తెలియనివాడు "పేలబోతోంది" అంటే నమ్మకుండా ఎలా ఉంటాం?

కొన్ని నెలలకి ఆ చుట్టుపక్కలవాళ్ళు నలుగురు షాపుకి వచ్చారు. కరపత్రం వేయించాలన్నారు. వాళ్ళలో ఒకామె పాడి ఉన్న మనిషి, ఆ రోజు రెండు గేదెలు పోయాయి. చేత్తో రాసుకొచ్చిన కాగితం ఇచ్చింది. అన్నీ ప్రశ్నలే. సైరన్ ఎందుకు మోగలేదు? మా పిల్లల ఆరోగ్యం ఎన్నాళ్ళు పరీక్షిస్తారు? నేలనీ నీళ్ళనీ ఎవరు పరీక్షించారు, ఆ కాగితాలు మాకెందుకు చూపించరు? ఒక్క తిట్టు లేదు, ఎవరినీ కొట్టమని లేదు. నేనే టైపు చేసి ప్రూఫ్ తీశాను, అడ్వాన్స్ తీసుకున్నాను.

సాయంత్రానికి ఫోన్ వచ్చింది. మా ఏరియాలో పలుకుబడి ఉన్న మనిషి. బెదిరించలేదు. "వ్యాపారం చేసుకునేవాడివి, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు. మర్నాడు వాళ్ళకి అడ్వాన్స్ తిరిగిచ్చేశాను. ఆమె ప్రూఫ్ కాగితం చేతిలో పట్టుకుని నా వైపు చూసి, "అడిగితే తప్పేటి బాబూ? జవాబు చెప్పమన్నాం గానీ ఎవల్నీ తిట్టలేదు కదా" అంది. ఒక్క చట్టమూ నన్ను ఆపలేదు. ఆపింది నా భయం. మన దగ్గర హద్దులు ఎక్కువగా ఇలాగే పడతాయి, కోర్టుల్లో కాదు.

చట్టం మాట కూడా చెప్తాను, ఎందుకంటే చాలామంది రాజ్యాంగం 19వ అధికరణం అంటే మాట్లాడే హక్కు ఒక్కటే అనుకుంటారు. 19(1)(ఎ) ఆ హక్కు ఇస్తుంది, 19(2) ఏయే కారణాల మీద పరిమితులు పెట్టొచ్చో చెబుతుంది. దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువు నష్టం, కోర్టు ధిక్కారం, నేరానికి ఉసిగొల్పడం వంటివి. వీటిలో కొన్ని మొదటి నుంచీ లేవు. 1950లో మద్రాసు ప్రభుత్వం 'క్రాస్‌రోడ్స్' పత్రికను తమ రాష్ట్రంలోకి రానివ్వకుండా నిషేధిస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటికి మన విశాఖ కూడా మద్రాసు రాష్ట్రంలోదే, అంటే ఆ నిషేధం మనకీ వర్తించిందే. ఆ తీర్పు తరవాత 1951లో మొదటి సవరణ తెచ్చి శాంతిభద్రతలు లాంటి కారణాలు చేర్చారు. అదే సవరణలో 'సహేతుకమైన' అన్న మాట కూడా చేర్చారు. నా దృష్టిలో మొత్తం విషయం ఆ ఒక్క మాటలో ఉంది. పరిమితి సహేతుకమా కాదా అని కోర్టు అడగగలుగుతోంది అంటే ఆ మాట వల్లే.

2015లో శ్రేయా సింఘాల్ కేసులో, ఆన్‌లైన్‌లో చికాకు, ఇబ్బంది కలిగించే మాటల్ని నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని కొట్టేసినప్పుడు సుప్రీంకోర్టు ఒక మంచి తేడా చెప్పింది. చర్చించడం వేరు, ఒక అభిప్రాయాన్ని గట్టిగా సమర్థించడం వేరు, ఉసిగొల్పడం వేరు. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా హక్కు కిందికే వస్తాయి. మూడోదాని దగ్గరే పరిమితి మొదలవుతుంది. చికాకు కలిగించింది, ఇబ్బంది పెట్టింది అన్నంత మాత్రాన నేరం అయిపోదు. గేదెలు పోయినామె అన్నది ఇదే కదా, ఆమెకి ఈ తీర్పు సంగతి తెలియకపోయినా.

నా వృత్తిలో ఒక పాత పద్ధతి ఉంది. ఎన్నికల కరపత్రం వేస్తే కింద ప్రింటరు పేరు, వేయించినవాళ్ళ పేరు, చిరునామా ఉండాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ చెప్పేది అదే. 2019 ఎన్నికలప్పుడు ఒకరు వచ్చి, ఒక అభ్యర్థి ఇంట్లో ఆడవాళ్ళ మీద నీచంగా రాసిన కరపత్రం రాత్రికి రాత్రి కావాలన్నారు, డబ్బు రెట్టింపు ఇస్తామన్నారు. "కింద మీ పేరు వేస్తాను" అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. నేను వాళ్ళని రాయొద్దు అనలేదు. మీరు అన్నదానికి మీరు నిలబడతారా అని అడిగాను, అంతే.

ఇందులోనూ ఒక చిక్కుంది, దాచను. పేరు చెప్పాలంటే బలహీనులు నోరు విప్పలేరు. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేవాడు లోపల జరిగేది బయటపెట్టాలంటే పేరు వేసుకోగలడా? ఉద్యోగం ఊడుతుంది. కాబట్టి అందరూ పేరు వెయ్యాల్సిందే అనే చట్టం రావాలని నేను కోరను. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరిని ప్రశ్నిస్తున్నారు అన్నది చూడాలి. కింద ఉన్నవాడు పైవాణ్ణి అడిగే ప్రశ్నకి చాలా చోటు ఉండాలి. అబద్ధమని తెలిసి జనం మధ్యలో విసిరే మాటకీ, ఒక మతం మీదో కులం మీదో జనాన్ని ఉసిగొల్పే మాటకీ ఆ చోటు ఇవ్వక్కర్లేదు.

నేను తిరిగిచ్చేసిన ఆ కరపత్రం ఆ వారంలోనే బయటికి వచ్చింది. బస్టాపు పక్కన టీ కొట్టు గోడకి అంటించి ఉంటే చూశాను. ప్రశ్నలన్నీ అలాగే ఉన్నాయి, నేను టైపు చేసిన వరసలోనే. ఇంకా దగ్గరికి వెళ్ళి కింద చివరి వరస చదివాను. కంచరపాలెంలో మా కంటే చిన్న ప్రెస్సు ఒకటుంది, ప్రింటరు దగ్గర దాని పేరు వేసి ఉంది.