ఫోటో ఫిల్ము కడగడానికి వాడేసిన ఫిక్సర్ ద్రావణాన్ని బాత్రూం తూములో పోయవచ్చా?

పోయకూడదు, ఇంట్లో డార్క్‌రూం (ఫిల్ము కడిగే చీకటి గది) పెట్టుకున్నవారు వాడేసిన ఫిక్సర్‌ను గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పైన ద్రావణం పేరు రాసి, పిల్లలకు అందని చోట విడిగా ఉంచాలి. ఫిక్సర్‌లోని థయోసల్ఫేటు అనే రసాయనం, ఫిల్ము మీద వెలుగు సోకకుండా మిగిలిపోయిన సిల్వర్ హాలైడ్‌ను (వెండి లవణాన్ని) కరిగించి తనలో కలుపుకుంటుంది కనుక, కొత్తగా ఉన్నప్పుడు పెద్దగా హాని చేయని ఆ ద్రావణంలో పని ముగిసేసరికి కరిగిన వెండి పోగుపడుతుంది, అది నీటిలోని సూక్ష్మజీవులకూ చేపలకూ హానికరం.

ఉదాహరణకు, హైదరాబాదులో అపార్ట్‌మెంటు స్నానాల గదినే డార్క్‌రూంగా వాడుకునే వ్యక్తి తూములో పోసిన ఫిక్సర్, ఆ మురుగు శుద్ధి కాకుండా పారితే చివరికి మూసీలోనే కలుస్తుంది. అదే గదిలో తూము కడగడానికి బాత్రూం యాసిడ్ పోయడం మరీ ప్రమాదం. ఎందుకంటే అది ఫిక్సర్‌తో కలిసినప్పుడు ఊపిరాడనివ్వని సల్ఫర్ డయాక్సైడ్ వెలువడుతుంది.

బాగా నీళ్లు కలిపి పారబోస్తే చాలునని చాలామంది అనుకుంటారు. పలుచన చేస్తే గాఢత తగ్గుతుందే తప్ప వెండి ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గదు. ఉక్కు పీచును అందులో నానబెడితే మాత్రం ఇనుము కరిగి, దాని స్థానంలో వెండి మడ్డిగా అడుగుకు దిగుతుంది. ఎక్స్‌రే ఫిల్ముల నుంచి వెండి తీసేవారు ఈ మడ్డికి కూడా వెల కడతారు.