‘సత్తా చాటాడు’ అని రాసిన యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

కొరియా నటుడు హా జంగ్ వూ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. వచనం శుభ్రంగా ఉంది. అయితే ఒకచోట ‘దర్శకుడిగానూ సత్తా చాటాడు’ అని తేల్చేసి, మరుసటి వాక్యంలోనే చిత్రకళలోకి వెళ్లిపోయావు. ఆ వాక్యమే నా చేత ఈ ఉత్తరం రాయిస్తోంది.

ఆయన తీసిన మొదటి సినిమా 2013లో వచ్చింది. తుపానులో చిక్కుకున్న విమానంలో ఒక సినిమా తార పడే పాట్ల మీద అల్లిన చిన్న హాస్యచిత్రమది. తాను వేషం కట్టకుండా, విశ్వవిద్యాలయంలో తనకు జూనియర్ అయిన జంగ్ క్యోంగ్ హోకు ప్రధాన పాత్ర ఇచ్చాడు. రెండవది 2015లో వచ్చింది. రక్తం అమ్ముకుని సంసారం ఈదే మనిషి గురించి చైనా రచయిత యూ హువా రాసిన నవలను యుద్ధానంతర కొరియాకు మార్చి, ఈసారి కథానాయకుడిగా తానే నటించాడు. రెండూ పెద్దగా ఆడలేదు. మూడవది, ప్రభుత్వ కాంట్రాక్టు కోసం గోల్ఫ్ మైదానంలో పైరవీకి దిగే వ్యాపారి కథ, 2025 దాకా రానేలేదు. ఈ నడుమ, 2017లోనూ 2018లోనూ, ఆయన నటించిన ‘అలాంగ్ విత్ ద గాడ్స్’ రెండు భాగాలకూ ఒక్కోదానికి కోటికి పైగా టికెట్లు తెగాయి. నటుడిగా అంత జనాన్ని రప్పించగలిగినవాడు, దర్శకుడిగా రప్పించలేకపోయాక కూడా, పదేళ్ల తరువాత మళ్లీ ఆ కుర్చీలో ఎందుకు కూర్చున్నాడు? నీ వ్యాసం నడవవలసిన దారి అది.

పొగడ్త మాట పడిన చోట రచయిత చూడటం మానేశాడని నా నమ్మకం. ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ అన్న బిరుదు ఎవరికైనా అతుకుతుంది కనుక ఎవరి గురించీ ఏమీ చెప్పదు. ఈ జాడ్యం మన పత్రికలు అంటించినదే. వయసులో ఉండగా ఒక వారపత్రిక కోసం, సొంతంగా సినిమా తీసి చేతులు కాల్చుకున్న ఒక నటుడి మీద వ్యాసం రాశాను. ఆ అప్పులు, ఆగిపోయిన షూటింగు, అయినా ఆయన వదలని పంతం, ఇవే అందులో ప్రాణం. సంపాదకుడు ఆ భాగమంతా కొట్టేసి ‘దర్శకుడిగా విజయకేతనం ఎగురవేశారు’ అని చేర్చాడు. పత్రిక వెలువడ్డాక ఆ నటుడు నన్ను పిలిపించుకుని, “ఇంతకూ నా సినిమా చూశావా?” అని అడిగాడు. ఓటమిని పాఠకులు చదవరని సంపాదకుడు చివరిదాకా వాదించాడు. అలాంటివారి శిష్యులే ఇప్పుడు మొదటి వాక్యంలో ‘ప్రముఖ నటుడి కుమారుడు’ అని లేకపోతే వ్యాసం ముట్టుకోరు. నువ్వూ అక్కడే మొదలుపెట్టావు. తండ్రి కిమ్ యోంగ్ గన్ పేరున్న నటుడే. కానీ కిమ్ సంగ్ హూన్ అన్న అసలు పేరు పక్కనపెట్టి తెరకెక్కినవాడిని మళ్లీ తండ్రి పేరుతో పరిచయం చేయడం ఏం న్యాయం?

‘సహజ నటన’ సంగతీ అంతే. 2008 నాటి ‘ద చేజర్’ సినిమాలో హంతకుడి వేషంలో పోలీసు స్టేషన్లో కూర్చుని, ఉలీ సుత్తీ ఎలా వాడాడో కూడా కలిపి హత్యల సంగతి ఊసుపోక కబుర్లలా చెబుతాడే, ఆ గొంతు గురించి రాయి. ‘ద ఎల్లో సీ’లో చైనా నుంచి వచ్చిన కొరియా జాతి టాక్సీ డ్రైవరుగా చలిలో వణుకుతూ తిండి కుక్కుకునే తీరు రాయి. ఆయన తినే సన్నివేశాలను కొరియా జనం ప్రత్యేకంగా చెప్పుకుంటారు. నువ్వు వాటిని ఒక్క విశేషణంతో దాటేశావు.

ఇక ‘కొరియా బాపు’ అన్న మాట దయచేసి తీసెయ్యి. బాపు గీత నుంచి కెమెరాకు వచ్చారు. ప్రతి దృశ్యాన్నీ ముందు కాగితం మీద బొమ్మగా వేసుకుని తీశారు. ఈయన నటన నుంచి కుంచె పట్టాడు, అదీ బడిలో నేర్చుకోకుండానే. నటించడం బియ్యంతో అన్నం వండటమైతే, మిగిలిపోయినదానితో సారా కాయడం బొమ్మలు వేయడమని తానే ఒక పుస్తకంలో రాసుకున్నాడు. ఇంత మంచి ఆధారం ఉండగా బాపు గారితో పని ఏమిటి? మొదటి వ్యక్తిగత ప్రదర్శన 2010లో జరిగింది; ‘ద ఎల్లో సీ’ విడుదలైందీ ఆ ఏడే. మందపాటి గీతలతో ఆయన వేసిన జోకర్ ముఖాలను ఆ డ్రైవరు ముఖం పక్కన పెట్టి చూసి, ఏమి మిగిలిందో, ఏమి బొమ్మలోకి వెళ్లిందో నీకు కనిపించినంత రాసి మళ్లీ పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి